ముందు మనవాడు

ఆ వేసవిలో మొదట పగిలింది నా కిటికీ అద్దం.

సాన్ లాజరోలో చెప్పుకోవడానికి రాగి గని తప్ప ఇంకేం లేదు. ఫీనిక్స్ నుంచి కొండల్లోకి డ్రైవ్ చేసుకుంటూ వస్తే ముందు గని పొగగొట్టం కనిపించేది, ఆ తర్వాతే ఊరు. ఎనభై మూడు జూలైలో గని కార్మికులు సమ్మెలోకి దిగారు. సమ్మె చేసేవాళ్ళకి నిరుద్యోగ భృతి ఇవ్వరు. మా ఆఫీసులో ఆ మాట చెప్పడం నా పని కాదు, పక్క కిటికీ అతని పని. అతను లంచ్‌కి పోయాడు. లైన్‌లో నిలబడి నిలబడి చెమటలు కక్కుతున్న మనిషిని ఇంకా నిలబెట్టడం ఇష్టం లేక నేనే చెప్పేశాను. అతను థాంక్యూ అని టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళి, పార్కింగ్ లాట్‌లోంచి ఇటుక విసిరాడు. చెంపలో దిగిన గాజుపెంకు నేనే లాక్కున్నాను. అతని మీద నాకు కోపం రాలేదు. లంచ్ నుంచి తీరిగ్గా వచ్చి "అయ్యో, ఏమైంది?" అన్నవాడి మీద వచ్చింది.

మాది స్టేట్ ఆఫీసు. అంతకుముందు ఊళ్ళో నాలుగు మూలలా ఉన్న నాలుగు డిపార్ట్‌మెంట్లని ఆ ఏడాదే ఒక్క హాల్లోకి తెచ్చారు. మొదటి కిటికీలో భృతులు. రెండోది నాది, జాబ్ సర్వీస్: ఎక్కడ ఖాళీ ఉందో చూసి మనిషిని పంపడం. మూడో కిటికీ ట్రైనింగ్ ప్రోగ్రామ్. నాలుగోది పనిలో దెబ్బలు తగిలి కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళని మళ్ళీ పనికి తయారుచేసే రిహాబ్. ఉద్యోగం పోయినవాడు ఒక తలుపులోంచి వచ్చి, నాలుగు కిటికీలూ తిరిగి, ఉద్యోగంతో ఇంకో తలుపులోంచి బయటికి వెళ్ళాలని మా మేనేజర్ హెండ్రిక్స్ అందరికీ బొమ్మ గీసి చూపించేవాడు. నిజానికి ఆ హాలుకి ఉన్నది ఒకటే తలుపు.

మూడో కిటికీలో కూర్చునేది మా ఆయన, జయరాజు.

"మీ ఇద్దరి కోఆర్డినేషనూ డిన్నర్ టేబుల్ దగ్గరే అయిపోతుంది కదా, ఇంక మాకు మీటింగ్ దేనికి?" అన్నాడు ఒకసారి హెండ్రిక్స్. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం కారెక్కగానే, "ఇక మీదట ఆఫీసు సంగతులు ఆఫీసులోనే. ఇంట్లో ఒక్క ముక్క వద్దు. మనం లోపాయికారీగా ఏదో నడిపిస్తున్నామని ఎవరూ అనకూడదు" అన్నారు. ఆయనకి ఎవరైనా ఏమన్నా అంటారేమో అన్నది పెద్ద జబ్బు. తిండి లేకపోయినా బతుకుతారు గానీ మాట పడి బతకలేరు.

ఇంట్లో మూడో మనిషి మా మరిది ప్రేమానందం. అన్నదమ్ముల మధ్య పదహారేళ్ళ తేడా. వాడు గుంటూరు నుంచి వచ్చి ఏడాది దాటింది. బి.ఎస్సీ. చదివినవాడికి ఆ కొండల్లో పనేం దొరుకుతుంది? లైన్‌లో నిలబడి, అందరిలాగే అన్నయ్య కిటికీ దగ్గర పేరు రాయించుకుని, వెల్డింగ్ క్లాసులో చేరాడు. పని నచ్చింది వాడికి. సాయంత్రాలు పక్కింటి మాన్యుయెల్‌తో వరండాలో డామినోస్ ఆడేవాడు. మాన్యుయెల్ గనిలోనే పని. అతని భార్య రోసా కంచెమీంచి వేడివేడి టోర్టియా రొట్టెలు అందించేది, నేను చేపల పులుసు గిన్నె అందించేదాన్ని. "కారం చాలలేదు" అని వెక్కిరించేది.

సమ్మె వచ్చాక కంచె దగ్గరికి రావడం మానేసింది.

శుక్రవారం మీటింగులో అసలు గొడవ బయటపడింది. సమ్మె జరుగుతున్న చోటికి జాబ్ సర్వీస్ ఎవర్నీ పంపకూడదు. అది మాకు బైబిలు మాటలాంటిది. కానీ ట్రైనింగ్ వాళ్ళకి గనితో మే నెలలోనే ఒప్పందం అయిపోయింది: వెల్డింగ్ నేర్చినవాళ్ళని గనికి పంపుతారు, జీతంలో సగం కంపెనీ, సగం స్టేట్.

"సమ్మె విరగ్గొట్టడానికి మనం మనుషుల్ని పంపుతామా?" అన్నాను.

"ఉద్యోగానికి పంపట్లేదు మిసెస్ రాజు. ట్రైనింగ్‌కి పంపుతున్నాం" అన్నారు మా ఆయన. మీటింగుల్లో నన్ను అలాగే పిలిచేవారు.

"రాళ్ళు వేసేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుందా?"

హెండ్రిక్స్ చేతులు పైకెత్తాడు. అక్టోబర్‌లో కొత్త చట్టం వస్తోంది, పాత డబ్బు ఆగిపోయేలోపు ఎంతమందికి పని చూపించామో ఫీనిక్స్ హెడ్డాఫీసుకి చెప్పాలి, అదీ అతని బాధ. చివరికి ఒక దారి దొరికింది. సమ్మె జరుగుతోందని జాబ్ సర్వీస్ సర్టిఫై చేస్తే ట్రైనింగ్ వాళ్ళు ఆగిపోతారు.

"ఊరంతా చూస్తోంది కదా! నిన్న ఫోర్‌మన్ ట్రక్కుని తిరగేసి తగలబెట్టారు. నా కిటికీకి ఇంకా అట్టముక్కే ఉంది" అన్నాను.

"చూడటం వేరు, సర్టిఫై చేయడం వేరు. ఎవరో ఒకరు గేటు దగ్గరికి వెళ్ళి ఇటు కంపెనీని, అటు యూనియన్‌ని అడగాలి" అన్నాడు హెండ్రిక్స్.

సోమవారం పొద్దున నేను వెళ్ళేట్టు, నేను తిరిగొచ్చేదాకా ట్రైనీల వ్యాను కదలనట్టు నిర్ణయమైంది. డోనట్లు తిని లేచాం.

ఆదివారం ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాం. తెలుగు చర్చి కావాలంటే ఫీనిక్స్ దాకా పోవాలి, దారిలో కార్లమీద రాళ్ళు పడుతున్నాయి. అన్నం దగ్గర ప్రేమానందం హుషారుగా ఉన్నాడు. మా మామగారు మిషన్ స్కూల్ హెడ్‌మాస్టరు, అన్నదమ్ములిద్దరూ ఆయన దగ్గరే చదివారు.

"క్లాసులో ఎవడు అల్లరి చేసినా మొదటి దెబ్బ నాకే వదినా. అంతకుముందు అన్నయ్యకి. ‘ముందు మనవాడు’ అనేవారు నాన్న, బెత్తం తీస్తూ. ఒకసారి నేను జ్వరంతో ఇంట్లో పడుకుంటే ఇంటికొచ్చి మరీ కొట్టారు."

"అందుకే చచ్చిపోయేదాకా ఊళ్ళో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు" అన్నారు మా ఆయన.

"మీ వీపులు చూపించి ఉండాల్సింది" అన్నాను. ప్రేమానందం పొలమారేంతగా నవ్వాడు. నవ్వి నీళ్ళు తాగి, "రేపటి సంగతి..." అని ఏదో మొదలుపెట్టాడు. మా ఆయన వేలు పైకెత్తారు.

"ఆఫీసు సంగతులు ఆఫీసులో."

వాడు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. నేను సోమవారం గేటు దగ్గరికి వెళ్ళే సంగతే అనుకున్నాను.

సోమవారం పొద్దున అన్నదమ్ములిద్దరూ రోజూలాగే కలిసి బయల్దేరారు. నేను నా డాట్సన్‌లో గేటు దగ్గరికి వెళ్ళాను. తొమ్మిది కాకముందే రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. గేటుకి ఇటు పక్క మూడొందల మందికి పైగా ఉన్నారు, ముందు వరసలో ఆడవాళ్ళు. అటు పక్క హెల్మెట్లు, లాఠీలు. మధ్యలో తగలబడిన ట్రక్కు బోర్లా పడి ఉంది, రబ్బరు కాలిన వాసన ఇంకా పోలేదు. మెళ్ళో స్టేట్ ముద్ర ఉన్న కార్డు వేసుకుని, చేతిలో ప్యాడ్ పట్టుకుని నేను వాళ్ళ మధ్యలోకి నడిచాను. నా బతుకులో అంత సిగ్గుపడ్డ నడక ఇంకోటి లేదు.

రోసా తలకి ఎర్ర గుడ్డ కట్టుకుని ఉంది. నన్ను చూసి ముందుకొచ్చింది.

"ఏంటి లూసీ?"

"ఇక్కడ... సమ్మె జరుగుతోందా అని అడగాలి."

ముందు వరస ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వులు. ఎవడో గుప్పెడు మట్టి నా మీద చల్లాడు. రోసా వెనక్కి తిరిగి వాడిని బూతు తిట్టి, నా భుజం మీద మట్టి దులిపింది.

"జరుగుతోంది. రాసుకో. మాన్యుయెల్ పక్కటెముకలు నిన్న విరగ్గొట్టారు, అది కూడా రాసుకో."

నేను రాస్తూ ఉండగా అరుపులు లేచాయి. తెల్ల వ్యాను ఒకటి రోడ్డు మలుపు తిరిగి వస్తోంది. తలుపు మీద స్టేట్ ముద్ర. నా మెళ్ళో ఉన్నదీ అదే ముద్ర. ఇంకో డిపార్ట్‌మెంట్ బండి ఏదో దారి తప్పి వచ్చిందనుకున్నాను, నిజంగా. జనం రెండు పక్కలా మూసుకుపోయారు. మొదటి రాయి పైకప్పు మీద డబ్బాలా మోగింది. డ్రైవరు ఆపాలో పోనివ్వాలో తెలీక నెమ్మది చేశాడు. అప్పుడు కనిపించాడు ప్రేమానందం, పసుపు హెల్మెట్ పెట్టుకుని కిటికీ పక్కన.

నన్ను చూసి వాడి ముఖం ఎలా వెలిగిందో నేను చచ్చేదాకా మర్చిపోను. వదిన ఉంది కాబట్టి అంతా సవ్యంగానే ఏర్పాటు చేసి ఉంటారనుకున్నాడు. చెయ్యి ఊపాడు. అది చాలక కిటికీ అద్దం పక్కకి జరిపి, "వదినా!" అని పిలిచాడు.

రాయి రోసా చేతిలోంచి వెళ్ళడం నేను చూశాను. ఆమె వాడిని చూడలేదు. వ్యానునే చూసింది. వాడు తెరిచిన జాగాలోంచి రాయి తిన్నగా లోపలికి పోయింది.

ఆ తర్వాత అన్నీ ఒకేసారి జరిగాయి. జనం వ్యానుని పట్టి ఊపుతున్నారు. పోలీసులు గేటు తీసుకుని మీద పడ్డారు. నా పక్కనే రోసా నోటి మీద లాఠీ దెబ్బ పడితే పళ్ళు విరిగిన చప్పుడు విన్నాను. ఒక ముసలాయన్ని జుట్టు పట్టి ఈడుస్తున్నారు, అతని కాలి బూటు ఊడి నా ముందు పడింది. గ్యాసు వదిలారు. ప్యాడ్ ఎక్కడ పడేశానో తెలీదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వ్యాను వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, అది తీసేదాకా పిడికిళ్ళతో బాదాను. ఎవడిదో మోచెయ్యి నా ముక్కుకి తగిలింది, తిరిగి నేనూ కొట్టాను, ఎవర్ని కొట్టానో చూడలేదు.

ప్రేమానందం సీట్ల మధ్య కూలబడి ఉన్నాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారుతోంది. వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"నీకు తెలుసనుకున్నాను వదినా" అన్నాడు.

టూసాన్ హాస్పిటల్లో వాడి ఎడమ కన్ను తీసేశారు. మా ఆయన వచ్చేసరికి నా బట్టల మీద రక్తం ఎండి అట్టకట్టింది. ఆయనే చెప్పారు, కారిడార్‌లో నిలబడి, నేలవైపు చూస్తూ. శనివారం ఫీనిక్స్ నుంచి ఫోన్ వచ్చింది. ఆగడానికి వీల్లేదు, ట్రైనీలని సోమవారమే పంపమన్నారు. ఆ సంగతి హెండ్రిక్స్ నుంచి నాకు మెమోగా రావాలి. ఇంట్లో చెబితే పద్ధతి కాదు.

"పక్కనే పడుకున్నారు కదండీ" అన్నాను.

ఆయన జేబురుమాలు తీసి ఇవ్వబోయారు, నేను తీసుకోలేదు.

"మొదటి వ్యానులోనే వాడిని ఎందుకు ఎక్కించారు?"

"వ్యాను నిండా ఎక్కించి, మావాడిని మాత్రం ఇంట్లో దాచుకుంటే ఏమనేవాళ్ళు లూసీ? మొదటి పేరు వాడిదే రాశాను. అప్పుడే మిగతావాళ్ళు ఎక్కారు."

"ఏమనేవాళ్ళు? వాడికి రెండు కళ్ళున్నాయనేవాళ్ళు."

రాయి ఎవరు వేశారో చూశావా అని పోలీసులు అడిగారు. చూడలేదన్నాను. ప్రేమానందం కూడా చూడలేదన్నాడు. వాడు చూశాడో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

మెమో మంగళవారం నా ట్రేలోకి వచ్చింది. శుక్రవారం మీటింగ్ మామూలుగానే జరిగింది, డోనట్లు మామూలుగానే తెచ్చారు. ప్రేమానందం కోలుకోవాలని ముందు ఒక నిమిషం మౌనం పాటించాం. తర్వాత హెండ్రిక్స్ "డిపార్ట్‌మెంట్ల మధ్య కమ్యూనికేషన్ గ్యాప్" అన్నాడు. మొదటి కిటికీ అతను తల ఊపాడు. హెండ్రిక్స్ మా ఆయన వైపు చూశాడు. ఆయన కాగితం తీసి చదివారు, నీటుగా, తడబడకుండా.

"ప్రొసీజర్ ప్రకారం ట్రైనింగ్ వైపు నుంచి ఎటువంటి లోపమూ జరగలేదు."

నేను లేచాను. కాఫీ పోసుకోవడానికే అనుకుని ఎవరో పక్కకి జరిగి దారిచ్చారు. హీటర్ మీంచి గాజు పాట్ తీసి, నిండా ఉన్నదాన్ని, ఆయన ముఖం మీదికి విసిరాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. పాట్ టేబుల్ అంచుకి తగిలి పగిలింది. మణికట్టు నుంచి వేళ్ళదాకా చర్మం కళ్ళముందే తెల్లబడి, ఎర్రబడి, పొంగింది. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది నాకు. నిజం చెబుతున్నాను, నాకు అప్పుడు జాలి కలగలేదు. ముఖానికి తగలనందుకు కసిగా ఉంది.

డాక్టరు అడిగితే, "నేనే ఒంపుకున్నాను" అన్నారట. హెండ్రిక్స్‌తోనూ అదే మాట. చూసినవాళ్ళందరూ చూడనట్టే ఊరుకున్నారు. నా ఉద్యోగం అలా నిలబడింది. అంతమంది ఒక్క మాట మీద నిలబడ్డం ఆ ఆఫీసులో అదొక్కసారే.

ఆగస్టులో ప్రేమానందం ఇంటికొచ్చాడు. ఒక కంటితో ఏది ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. గ్లాసులో పోసుకోబోతే నీళ్ళు టేబుల్ మీద పడేవి. మెట్టు లేనిచోట కాలెత్తేవాడు, ఉన్నచోట పడేవాడు. వెల్డింగ్ మాట ఎత్తేవాడు కాదు. రాత్రి భోజనానికి మా ఆయన కట్టుకట్టిన చేత్తో ప్రార్థన చేసేవారు. ఆమెన్ అనేది ఆయనొక్కరే.

ఒకరోజు జగ్గు వంచితే నీళ్ళన్నీ కంచంలో పడ్డాయి. మా ఆయన లేచి జగ్గు తీసుకోబోయారు.

"ఇటివ్వు, నేను పోస్తాను."

వాడు ఇవ్వలేదు. జగ్గుతోనే కొట్టాడు. మొదటి దెబ్బ గురి తప్పి గోడకి తగిలింది. దాన్ని వదిలేసి పిడికిళ్ళతో మీద పడ్డాడు. కుర్చీతో సహా ఇద్దరూ కింద పడ్డారు. వాడు పైన, ఆయన కింద. సగం దెబ్బలు నేలకే తగిలి వాడి వేళ్ళే చితికాయి. "ముందు మనవాడు! ముందు మనవాడు!" అని అరుస్తూ కొట్టాడు. మా ఆయన చెయ్యి ఎత్తలేదు. చిన్నప్పుడు బెత్తం ముందు ఎలా నిలబడేవారో అలాగే కళ్ళు మూసుకుని పడి ఉన్నారు. పెదవి చీలి రక్తం చెవిలోకి కారింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చూసి చూసి, వాడు అలిసిపోయేవేళకి వెళ్ళి భుజం పట్టుకుని లేపాను. కంచె అవతల రోసా తన కిటికీలోంచి చూస్తోంది. పళ్ళు లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ మర్నాడు ప్రేమానందం పక్కింటికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు. సాయంత్రం మాన్యుయెల్, వాడు వరండాలో డామినోస్ ఆడారు. ఒకరు నడుముకి కట్టుతో, ఒకరు కంటికి కట్టుతో. కాసేపటికి ప్రేమానందం బట్టలు సర్దుకుని, వాళ్ళ వెనక గదిలోకి మారిపోయాడు. "నీ మీద కోపం లేదు వదినా. ఆ టేబుల్ దగ్గర కూర్చోలేను, అంతే" అన్నాడు.

సెప్టెంబర్ ఆఖర్లో గాజుకన్ను పెట్టారు. ఆ ఖర్చు మా నాలుగో కిటికీ భరించింది. అప్పటికి సమ్మె చితికిపోయింది, గనిలో సగం మంది కొత్తవాళ్ళు. నేను సర్టిఫై చేసి పంపిన కాగితం అందిందని ఫీనిక్స్ నుంచి అప్పుడు జవాబొచ్చింది.

రిహాబ్ వాళ్ళు వాడికి వేరే పని నేర్పించాలని తేల్చి, మూడో కిటికీకి పంపారు. మా హాల్లో ఏ పనీ అంత చక్కగా, ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి అంత సాఫీగా జరగడం నేను చూడలేదు. ఆ రోజు మూడో కిటికీ ముందు లైను తలుపుదాకా ఉంది. ఎక్కువమంది గనిలోంచి తీసేసినవాళ్ళే. ప్రేమానందం వచ్చి చివర నిలబడ్డాడు. కొత్త కన్ను కదలకుండా ఒకవైపే చూస్తోంది.

మా ఆయన తలెత్తి చూశారు. కాలిన చేతిలో పెన్ను ఆగిపోయింది. లేచి నిలబడ్డారు. ఆ హాల్లో మేమిద్దరం ఎప్పుడూ తెలుగు మాట్లాడుకోలేదు, అదీ ఆయన పెట్టిన రూలే. అంతమంది ముందు, పెద్దగా, తెలుగులో పిలిచారు.

"ఆనందం! నువ్వు ముందుకి రారా."

లైన్‌లో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒకాయన దారి ఇవ్వబోయాడు. ప్రేమానందం కదల్లేదు.

"పర్లేదు సార్, ఇక్కడే ఉంటాను" అన్నాడు. "మీవాడిని ముందు పిలిచారంటారు."

మా ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. ముందున్న మనిషి ఏదో అడుగుతుంటే వినిపించుకోలేదు. నా కిటికీ దగ్గర ఎవరూ లేరు, ఇవ్వడానికి ఉద్యోగాలూ లేవు. క్లోజ్డ్ బోర్డు పెట్టి, హాల్లోకి వచ్చి, లైను చివర వాడికి కన్ను లేని వైపు వెళ్ళి నిలబడ్డాను.